స్వామి వివేకానంద – గురువును పరీక్షించిన శిష్యుడు

ఈ ఉత్సవ సంచికలో మన పిల్లలు చదవదగిన ఒక మహాపురుషుని జీవితం వ్రాయవలసిందని సంపాదకులు కోరారు. తెలుగువారిలోనే ఎవరినైనా ఎన్నుకోవచ్చును. త్యాగరాజస్వామి ఉన్నారు, భద్రాచల రామదాసు ఉన్నారు, వేమన ఉన్నాడు. అయినా మేము ఈసారి బెంగాల్లో పుట్టిన స్వామి వివేకానందుని ఎన్నుకున్నాం. మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలు, వారికంటె ఎక్కువగా వారిని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు, కొన్నేళ్ళుగా ఒక ప్రశ్న వేస్తున్నారు. మోక్షం కావాలంటే గురువు ఉండితీరాలా? పుస్తకాలున్నాయి, ఊళ్ళో గుడి ఉంది, ఇంట్లో దేవుని పటం ఉంది. మధ్యలో ఇంకొక మనిషి ఎందుకు? ఆ మనిషి కాళ్ళకు మ్రొక్కడం ఎందుకు?

ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఈ దేశంలో పెరిగిన పిల్ల తన కాళ్ళమీద తాను నిలబడాలని బడిలో మొదటిరోజునుండి వింటుంది. పైగా కాషాయం కట్టి, మాలలు వేసి, తర్వాత కోర్టుల పాలైన గురువుల కథలు ఈ దేశపు పత్రికలలో మనమందరం చదివాం. అంచేత బిడ్డ సందేహించిందంటే బుద్ధి పనిచేస్తున్నదనే అనుకోవాలి. వివేకానందుని జీవితం ఇక్కడే పనికివస్తుంది. ఆయనంత సందేహించిన శిష్యుడు మరొకడు లేడు. ఆయనంత పూర్తిగా గురువుకు లోబడినవాడూ అరుదు. ఈ రెండూ ఒక్క మనిషిలోనే ఎట్లా ఇమిడాయో చూద్దాం.

కలకత్తాలో సిమ్లా అనే పేటలో 1863 జనవరి 12న ఆయన పుట్టారు. పేరు నరేంద్రనాథ దత్తు. తండ్రి విశ్వనాథ దత్తు హైకోర్టులో అటార్నీ. విశాలమైన మనసు, అంతకన్న విశాలమైన చెయ్యి, అంటే ఖర్చు మనిషి. తల్లి భువనేశ్వరీదేవి రామాయణ భారతాలు కంఠతా వచ్చిన ఇల్లాలు. కుర్రవాడు వ్యాయామంలో గట్టి, పాటలో ఇంకా గట్టి. ఇంగ్లీషు తత్త్వశాస్త్రం చదివాడు, బ్రహ్మసమాజంలో చేరాడు, విగ్రహారాధన తప్పన్నాడు. 1884లో బి.ఏ. పూర్తిచేశాడు. ఆ రోజులలో అతనిని పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: దేవుణ్ణి చూచినవాడెవడైనా ఉన్నాడా? దేవేంద్రనాథ ఠాకూరు అంతటి పెద్దమనిషి దగ్గరకు వెళ్ళి ముఖాముఖీ అడిగాడు. ఆయన సూటిగా జవాబు చెప్పకుండా, నీ కళ్ళు యోగి కళ్ళలా ఉన్నాయని మెచ్చుకున్నారట. కుర్రవాడికి కావలసింది మెప్పు కాదు.

కళాశాలలో హేస్టీ అనే స్కాట్లండు దొర ప్రిన్సిపాలుగా ఉండేవాడు. ఆయన ఒకనాడు వర్డ్స్‌వర్త్ కవిత్వం చెబుతూ, ప్రకృతిని చూచి కవి మైమరచిపోయే స్థితిని వివరించవలసివచ్చి, అటువంటి స్థితి ప్రత్యక్షంగా చూడదలచుకుంటే దక్షిణేశ్వరంలో రామకృష్ణ పరమహంస అనే ఆయనను చూడండని విద్యార్థులకు చెప్పాడు. హిందువుల కుర్రవానికి హిందూ గురువు ఉన్న చోటు చెప్పినవాడు ఒక క్రైస్తవ పంతులు! మేము మూడు తరాలుగా బడిపంతుళ్ళం కనుక ఈ ముక్క మాకు ప్రత్యేకంగా ఇష్టం. పంతులుకు తెలియని చోటికి కూడా పిల్లవాడికి దారి చెప్పగలడు, అదే ఆ వృత్తిలోని సుఖం.

ఇక ఆ పరమహంస ఎవరు? 1836 ఫిబ్రవరి 18న కామార్పుకూర్ అనే పల్లెలో పుట్టిన గదాధరుడు. చదువు అంతంతమాత్రం. రాణీ రాసమణి అనే ధనవంతురాలు 1855లో గంగ ఒడ్డున కట్టించిన కాళికాలయంలో పూజారి. అమ్మ దర్శనం కావాలని ఏడ్చి ఏడ్చి, పిచ్చివాడని లోకంచేత అనిపించుకున్నవాడు. ఆయనకూ గురువులున్నారు, అదీ ఒకరు కాదు. 1861 ప్రాంతంలో భైరవీ బ్రాహ్మణి అనే సన్యాసిని పడవ దిగి వచ్చి, ఇది పిచ్చి కాదు, శాస్త్రాలలో చెప్పిన మహాభావమని పండితులముందు వాదించి నిరూపించింది, తంత్రసాధన దగ్గరుండి చేయించింది. స్త్రీలు గురువులు కావచ్చునా అని అడిగేవారికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

తర్వాత కొద్దియేళ్ళకు తోతాపురి అనే నాగసాధువు వచ్చాడు. ఏ ఊళ్ళోనూ మూడు రోజులకు మించి ఉండని ఆ దిగంబరి దక్షిణేశ్వరంలో పదకొండు నెలలు ఉండిపోయాడు. ఆయన రామకృష్ణులకు సన్యాసమిచ్చి అద్వైతం ఉపదేశించాడు. మనసును అన్ని రూపాలనుండి మళ్ళించవయ్యా అంటే శిష్యుడు మళ్ళించగలుగుతున్నాడు గాని, అమ్మవారి రూపం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతున్నాడు. నావల్ల కాదన్నాడు. గురువు కోప్పడి, పక్కన దొరికిన గాజుపెంకు తీసి, శిష్యుని కనుబొమ్మల మధ్య గుచ్చి, మనసు ఇక్కడ నిలుపు అన్నాడు. శిష్యుడు మూడు రోజులు నిర్వికల్ప సమాధిలో ఉండిపోయాడు. తనకు నలభై ఏళ్ళు పట్టినది ఇతనికి ఒక్కనాటిలో పట్టుబడిందే అని తోతాపురి విస్తుపోయాడు. అయితే కథ అక్కడితో ఆగలేదు. కాళిని, భక్తిని తేలికగా చూచిన ఆ గురువు, పదకొండు నెలలు తిరిగేసరికి ఆ శిష్యుని దగ్గరే శక్తిని ఒప్పుకోవడం నేర్చుకుని వెళ్ళిపోయాడు. గురుశిష్య సంబంధం ఒకవైపే ప్రవహించే కాలువ అని అనుకునేవారు ఈ ఘట్టం మరొక్కసారి చదవాలి.

ఇటువంటి మనిషి ఎదుటికి, 1881 నవంబరులో, సురేంద్రనాథ మిత్రా అనే భక్తుని ఇంట్లో పాట పాడడానికి నరేంద్రుడు వచ్చాడు. కొన్ని వారాల తర్వాత దక్షిణేశ్వరం వెళ్ళాడు. పరమహంస అతనిని వరండాలోకి తీసుకుపోయి, ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని ఏడ్చాడు, చేతులు జోడించి పురాణఋషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. కుర్రవాడు ఈయనకు మతి చలించిందనుకున్నాడు. అయినా తన ప్రశ్న విడువలేదు. మీరు దేవుణ్ణి చూచారా అని అడిగాడు. చూచాను, నిన్ను చూస్తున్నట్టే, ఇంకా స్పష్టంగా చూస్తున్నానని ఆయన చెప్పారు. అట్లా అడ్డుతెర లేకుండా చెప్పినవారిని నరేంద్రుడు అదివరకు చూడలేదు. అటు పిచ్చి, ఇటు ఈ నిజాయితీ. రెండూ పొసగక ఇంటికి వెళ్ళాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు పరమహంస తన పాదం అతని ఒంటిమీద ఆన్చారు. గోడలు, గది, లోకం అన్నీ గిర్రున తిరిగి శూన్యంలో కలిసిపోతున్నట్టయి, నాకు ఇంటి దగ్గర తల్లిదండ్రులున్నారండీ అని కుర్రవాడు కేకవేశాడు. ఆయన నవ్వి, గుండెమీద చెయ్యివేసి, సరే, నెమ్మదిమీదనే కానీ అన్నారు. ఇది ఏదో కనికట్టు కాబోలునని నరేంద్రుడు అనుకున్నాడు. తర్వాతి సారి జాగ్రత్తగా కూర్చోవాలని నిశ్చయించుకున్నాడు. గమనించండి: లొంగిపోలేదు, పారిపోనూ లేదు.

అక్కడినుండి దాదాపు ఐదేండ్లు పరీక్షలు సాగాయి, రెండువైపులా. పరమహంస డబ్బు ముట్టరని, ముడితే ఒళ్ళు మెలితిరుగుతుందని చెప్పుకునేవారు. ఒకనాడు ఆయన ఊళ్ళో లేనప్పుడు నరేంద్రుడు ఎవరూ చూడకుండా ఆయన పరుపు క్రింద ఒక రూపాయి దాచాడు. ఆయన తిరిగివచ్చి మంచంమీద కూర్చోబోయి, ముల్లు గుచ్చుకున్నట్టు లేచి నిలబడ్డారు. దులిపి చూస్తే రూపాయి జారిపడింది. నరేంద్రుడు మాట్లాడకుండా గదిలోనుండి బయటికి వెళ్ళాడు. సంగతి గ్రహించిన గురువుకు కోపం రాలేదు, సంతోషం కలిగింది. షరాబు నాణాన్ని గీటురాయిమీద గీచి చూచినట్టు నన్ను చూచి తీసుకోమని ఆయన శిష్యులందరికీ చెప్పేవారు. మన ప్రశ్నకు సగం జవాబు ఈ రూపాయిలోనే ఉందని మా అభిప్రాయం. పరీక్షించబోతే ఉలిక్కిపడి, శాపాలు పెట్టి, నమ్మకం లేనివాడికి ఇక్కడ చోటు లేదనే గురువును మన పిల్లలు దూరంనుండే దండం పెట్టి వదిలిపెట్టవచ్చును.

గురువు పెట్టిన పరీక్ష ఇంకా కఠినమైనది. ఒకసారి ఉన్నట్టుండి నరేంద్రునితో మాట్లాడడం మానేశారు. వచ్చినా పలకరింపు లేదు, వెళ్ళినా చూపు లేదు. నెలకు పైగా ఇట్లా గడిచింది. నేను మాట కూడా ఆడడం లేదు గదా, ఎందుకు వస్తున్నావని చివరకు ఆయనే అడిగారు. మీ మాటలు వినడానికి వస్తున్నానా, మీరంటే ప్రేమ గనుక చూడడానికి వస్తున్నాను అన్నాడు కుర్రవాడు. ఆ జవాబుతో పరీక్ష ముగిసింది.

అద్వైతం మీద నరేంద్రునికి మొదట వెక్కిరింపే. చెంబూ దేవుడే, గిన్నే దేవుడే, మనమూ దేవుళ్ళమే, ఇంతకంటె పిచ్చి ఉందా అని హాజ్రా అనే ఆయనతో కలిసి నవ్వుకుంటున్నాడు. గురువు వచ్చి తాకారు. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే అన్నం, కంచం, వడ్డించే తల్లి, తాను, అన్నీ ఒకటే పదార్థంగా కనిపించాయి. వీధిలో బండి వస్తే తప్పుకోవాలనిపించలేదు. నిజమా కలా తేల్చుకోవడానికి ఒక చౌకు చుట్టూ ఉన్న ఇనుపకమ్మీలకు తల కొట్టుకుని చూశాడు. అప్పటికి గాని వేళాకోళం ఆగలేదు.

1884 ఫిబ్రవరిలో తండ్రి హఠాత్తుగా పోయారు. ఇంట్లో అప్పులు బయటపడ్డాయి. నిన్నటిదాకా బండిమీద తిరిగిన కుర్రవాడు చెప్పులు లేకుండా ఎండలో ఉద్యోగాలకోసం తిరిగాడు. ఇంట్లో బియ్యం చాలకపోతే, భోజనానికి పిలుపు వచ్చిందని తల్లితో అబద్ధం చెప్పి బయట పస్తున్నాడు. మీ అమ్మవారితో చెప్పి నా వాళ్ళకు కూడు గుడ్డ చూపించమని గురువును అడిగాడు. నువ్వే వెళ్ళి అడుగు అన్నారాయన. ఒకే రాత్రి మూడుసార్లు గుళ్ళోకి పంపారు. మూడుసార్లూ కుర్రవాడు ఆ మూర్తి ఎదుట నిలిచేసరికి డబ్బు మాట మరచి జ్ఞానం, వివేకం, వైరాగ్యం, భక్తి ఇమ్మని అడిగి వచ్చాడు. చివరకు మీ వాళ్ళకు ముతక బట్టకు, మామూలు తిండికి లోటుండదులే అని గురువు మాట ఇచ్చారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన కుర్రవాని ఆకలిని చిన్నచూపు చూడలేదు. అట్లా అని తానే అమ్మవారికి విన్నవించి కష్టం తీర్చేసి, తన కాళ్ళకు కట్టేసుకోనూ లేదు.

1885లో పరమహంసకు గొంతు పుండు పడింది. కాన్సరని వైద్యులు చెప్పారు. కాశీపూర్ తోటలో కుర్రవాళ్ళంతా రాత్రింబగళ్ళు సేవ చేశారు. అక్కడ నరేంద్రుడు తన కోరిక చెప్పాడు: శుకునిలా ఎప్పుడూ సమాధిలో మునిగి ఉండాలని, దేహం నిలవడానికి మాత్రమే అప్పుడప్పుడు దిగిరావాలని. మోక్షం కోరిన శిష్యుడు గురువునుండి మెప్పు వస్తుందని ఎదురుచూస్తాడు. ఇక్కడ చీవాట్లు వచ్చాయి. నువ్వు మర్రిచెట్టువై ఎందరికో నీడ ఇస్తావనుకుంటే నీ సుఖం నువ్వు చూచుకుంటావా అని ఆయన మందలించారు. కొంతకాలానికి ఆ సమాధి నరేంద్రునికి దక్కనే దక్కింది. దిగివచ్చాక గురువు, చూపించవలసింది చూపించాను, ఇక పెట్టెకు తాళం వేశాను, నీ పని పూర్తయినప్పుడు తీస్తాను అన్నారు. 1886 ఆగస్టు 16న ఆయన వెళ్ళిపోయారు. నరేంద్రునికి అప్పుడు ఇరవైమూడేళ్ళు.

ఆ తర్వాతి ఆరేడేళ్ళు త్వరగా చెప్పుకుందాం. బరానగర్‌లో ఒక పాడుబడ్డ ఇంట్లో గురుభాయిలు మఠం పెట్టుకున్నారు. నరేంద్రుడు కాలినడకన దేశం తిరిగాడు. అయితే 1890లో గాజీపూర్‌లో జరిగినది మాత్రం వదిలిపెట్టరాదు. అక్కడ పవహారి బాబా అనే గొప్ప యోగి ఉన్నారు. ఆయన దగ్గర యోగదీక్ష పుచ్చుకోవాలని నరేంద్రునికి బలంగా తోచింది. దీక్షకు ముందురాత్రి పరుపుమీద పడుకుని ఉండగా, గదిలో రామకృష్ణుల రూపం నిలబడి, ఒక్క మాట లేకుండా, బాధతో తనవైపే చూస్తున్నట్టు కనిపించింది. ఒక రాత్రి కాదు, ఎన్నో రాత్రులు. చివరకు దీక్ష ఆలోచన మానుకున్నాడు. పవహారి బాబామీద గౌరవం మాత్రం చివరిదాకా తగ్గలేదు. తన గురువును ప్రేమించడానికి ఇంకొకరి గురువును తక్కువ చేయనక్కరలేదని మన ఊళ్ళలో రెండు సత్సంగాల మధ్య మాటలు లేని కుటుంబాలకు చెప్పాలనిపిస్తుంది.

1893 ఫిబ్రవరిలో ఆయన మన హైదరాబాదు వచ్చారు. రైలు స్టేషనులో వందలమంది ఎదురువెళ్ళారు. గోల్కొండ చూచారు. 13వ తేదీన సికిందరాబాదు మహబూబు కళాశాలలో, తాను పడమటి దేశాలకు వెళ్ళదలచిన పనిని గురించి ఇంగ్లీషులో ప్రసంగించారు. ఆయనకు పెద్దసభలో మాట్లాడడం ఇంచుమించు అప్పుడే మొదలు. అంటే చికాగోకు ముందు ఆ కంఠం విన్నది మన గడ్డ. ఆయనను ఇక్కడికి పంపడానికి మద్రాసులో ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసిన అళసింగ పెరుమాళ్ళు కూడా బడిపంతులే. ఇంతమంది కూడినా, స్వామికి మాత్రం గురువు అనుమతి కావలసివచ్చింది. సముద్రంమీద గురువు నడిచిపోతూ రమ్మని సైగచేసినట్టు కల వచ్చింది. అదీ చాలక గురుపత్ని శారదాదేవికి ఉత్తరం వ్రాసి, ఆమె ఆశీర్వాదం వచ్చాకనే బయలుదేరారు. వివేకానంద అనే పేరు ఖేత్రీ మహారాజు కోరికమీద ఆ రోజులలోనే స్థిరపడింది. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు.

ఈ దేశంలో దిగాక పడిన పాట్లు మన పెద్దలలో చాలామందికి సొంత కథలాగే తోస్తాయి. చేతిలో డబ్బు కరిగిపోవడం, చలికి చాలని బట్టలు, వీధిలో జనం తేరిపార చూడడం. సర్వమత సభకు పరిచయపత్రం లేనిదే ప్రవేశం లేదన్నారు. బోస్టను వైపు వెళ్ళినప్పుడు హార్వర్డు ఆచార్యుడు జాన్ హెన్రీ రైట్ ఆయనతో మాట్లాడి, ఉత్తరాలు వ్రాసి, రైలు టిక్కెట్టుతో సహా ఏర్పాటు చేశారు. చికాగో చేరేసరికి చిరునామా పోయింది. ఆ రాత్రి రైలు యార్డులో గడిపారు. మర్నాడు తలుపులు తట్టితే ముఖంమీదనే వేశారు. అలసి వీధి పక్కన కూర్చుంటే ఎదురింటినుండి మిసెస్ హేల్ అనే ఆవిడ వచ్చి లోపలికి తీసుకువెళ్ళి అన్నం పెట్టింది. సెప్టెంబరు 11న సభలో జరిగినది అందరికీ తెలుసు, అది మన పిల్లలు ఏటా నాటకం వేస్తూనే ఉన్నారు.

మేము చెప్పదలచుకున్న సంగతి వేరు. అంత పేరు వచ్చిన ఆ సభలో ఆయన తన గురువు పేరెత్తి ప్రసంగించలేదు. తర్వాత రెండేళ్ళకు పైగా ఊరూరా తిరిగినా చెప్పినది వేదాంతమే గాని పరమహంస మహిమలు కాదు. 1896లో మాత్రమే న్యూయార్కులో గురువును గురించి నిండుగా ప్రసంగించారు. ఆ పేరు పెద్దది, తాను చిన్నవాడిననే భావం ఆయనది. మనిషిని ప్రచారం చేస్తే మతాలలో మరొక మతం పుడుతుంది, సూత్రాన్ని చెబితే అందరికీ చెందుతుందని కూడా అనేవారు. ఈనాడు ఫొటో ముందు, బోధ వెనుక నడుస్తున్న చోట్ల ఈ వరస తలక్రిందులైంది.

మొదట ఒక ఉపన్యాసాల కంపెనీతో ఒప్పందం కుదిరింది. సర్కసు జంతువులా ఊళ్ళు తిప్పడం, వచ్చినదాంట్లో ఎక్కువ వాళ్ళే మిగుల్చుకోవడం చూచి, నష్టపడి విడిపించుకున్నారు. 1895లో న్యూయార్కు ముప్పైమూడవ వీధిలో చవక గదులు తీసుకుని ఉచితంగా తరగతులు పెట్టారు. కుర్చీలు చాలక జనం నేలమీద, మెట్లమీద కూర్చునేవారు. గదుల అద్దె కోసం వేరే విషయాలమీద వేరే ఉపన్యాసాలిచ్చి డబ్బు తెచ్చేవారు. ఆధ్యాత్మిక విద్యకు రుసుము పుచ్చుకోలేదు.

ఆ వేసవిలో, జూన్ మధ్యనుండి ఆగస్టు మొదటివారం దాకా, ఏడువారాలు ఆయన సెయింట్ లారెన్సు నది మధ్య థౌజండ్ ఐలండ్ పార్కులో ఉన్నారు. మిస్ డచర్ అనే శిష్యురాలికి అక్కడ కొండవాలున ఇల్లు ఉండేది. ఆవిడ స్వయంగా మెథడిస్టు చర్చికి చెందినది, అయినా స్వామి కోసం ఇంటికి ఒక కొత్త భాగం కట్టించింది. చేరినవారు మొత్తంమీద పన్నెండు మంది. పనివాళ్ళు లేరు, అందరూ పని పంచుకున్నారు, స్వామి అప్పుడప్పుడు వంట చేసేవారు. మసాలా ఘాటుకు అమెరికా శిష్యులకు కళ్ళనీళ్ళు వచ్చేవట. ఇది గురుకులమే, గంగ ఒడ్డున కాక సెయింట్ లారెన్సు ఒడ్డున.

జూన్ 19న మొదటి పాఠం యోహాను సువార్తతో మొదలుపెట్టారు. వచ్చినవారు క్రైస్తవులు కదా, వారికి తెలిసిన గడపలోనుండే లోపలికి తీసుకువెళ్ళారు. తర్వాత నారద భక్తిసూత్రాలు, గీత, వేదాంతసూత్రాలు. మిస్ వాల్డో అనే ఆమె చేతనైనంత వ్రాసిపెట్టుకున్నందువల్ల 1908లో అవి పుస్తకంగా వచ్చాయి. గురువును గురించి ఆయన అక్కడా, ఆ తర్వాతి చలికాలం న్యూయార్కు భక్తియోగ తరగతులలోనూ చెప్పినదాని సారాంశం మా మాటల్లో ఇది. నిద్రపోతున్నవాణ్ణి మరొక నిద్రపోతున్నవాడు లేపలేడు. పుస్తకం బుద్ధిని పెంచగలదు గాని, ఒక ప్రాణంనుండి మరొక ప్రాణానికి అందవలసినది కాగితంనుండి అందదు. గురువులో మూడు చూడాలి: శాస్త్రంలోని మాటలు కాక దాని ఆత్మ తెలిసి ఉండడం, నడవడి శుద్ధంగా ఉండడం, డబ్బు గాని పేరు గాని కోరకుండా ప్రేమచేతనే చెప్పడం. శిష్యునిలోనూ మూడు చూడాలి: శుద్ధి, నిజమైన దాహం, పట్టుదల. ఇందులో ఏ ఒక్కటి లోపించినా గురువుకోసం వెదకడం ఆపి, ముందు దాన్ని సంపాదించుకోవాలి.

మన శంకరాచార్యులు మనుష్యజన్మ, మోక్షంమీద కోరిక, మహాపురుషుని ఆశ్రయం అని మూడింటిని దుర్లభాలుగా లెక్కపెట్టారు. మూడవది మన చేతిలో లేదు. రెండవది మాత్రం ఉంది. తల్లిదండ్రులు తమ పిల్లకు గురువును వెదికిపెట్టలేరు, సంబంధం చూచినట్టు చూడడానికి అది కుదరదు. ప్రశ్న అడిగినప్పుడు నోరు నొక్కకుండా ఉండగలరు. నరేంద్రుని ఇంట్లో ఎవరూ నొక్కలేదు.

గురువు చేయలేని పని కూడా ఉందని ఆ ద్వీపమే చూపించింది. స్వామి అక్కడ ఇద్దరికి సన్యాసమిచ్చారు. మేరీ లూయీకి అభయానందా, లియాన్ లాండ్స్‌బర్గుకు కృపానందా అని పేర్లు పెట్టారు. ఇద్దరూ తర్వాత ఆయనకు దూరమయ్యారు, ఆమె బాహాటంగా విమర్శించింది కూడా. స్వయంగా వివేకానందుడే దీక్ష ఇచ్చినా, నడవవలసిన కాళ్ళు శిష్యునివే. దీక్ష తీసుకుంటే చాలు, మోక్షం గురువుగారి పూచీ అని మనలో కొందరు ధీమాగా ఉంటారు. వారి ధీమాకు ఆధారం మాకు కనపడలేదు.

అదే ఇంటికి జూలై నెలలో ఒక చీకటిరాత్రి, జోరున వాన కురుస్తుండగా, డెట్రాయిటునుండి వందల మైళ్ళు ప్రయాణంచేసి ఇద్దరు స్త్రీలు వచ్చారు. ఒకామె మిసెస్ ఫంకీ. రెండవ ఆమె క్రిస్టినా గ్రీన్‌స్టైడల్. ఈమె జర్మనీలో పుట్టి మూడేళ్ళ వయసులో ఈ దేశం వచ్చినది. తండ్రి పోగా పదిహేడేళ్ళనుండి డెట్రాయిటు బడులలో పాఠాలు చెప్పి తల్లిని, చెల్లెళ్ళను పోషిస్తున్నది. 1894లో స్వామి డెట్రాయిటులో ఉపన్యాసాలిచ్చినప్పుడు ఇద్దరూ విన్నారు గాని దగ్గరకు వెళ్ళి మాట్లాడడానికి ధైర్యం చాలలేదు. ఏడాదికి పైగా ఆ మాటలే మనసులో తిరిగాయి. ఎక్కడున్నారో తెలిసిన వెంటనే బయలుదేరారు. లాంతరు పట్టుకున్న మనిషి వెంట కొండెక్కి తలుపు తట్టారు. క్రీస్తు గాని బుద్ధుడు గాని ఈ భూమిమీద ఉంటే ఎట్లా వెళ్ళి అడిగేవారమో అట్లా వచ్చామని తడిసిన బట్టలతో నిలబడి చెప్పారు. స్వామి వారివైపు జాలిగా చూచి, వెంటనే మిమ్మల్ని ముక్తులను చేసే శక్తి నాకూ ఉంటే ఎంత బాగుండును అన్నారు.

ఆ మాట మేము చాలాసార్లు చదివాం. అప్పటికి ఆయన పేరు దేశమంతా తెలుసు. ఔనమ్మా, చేస్తాను అన్నా నమ్మేవారే, అనలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకు వారికి మంత్రదీక్ష ఇచ్చారు.

1897లో స్వామి స్వదేశం చేరి, మే 1న రామకృష్ణ మిషన్ స్థాపించారు. మరికొద్ది కాలంలో బేలూరు మఠం లేచింది. 1899లో రెండవసారి ఇక్కడకు వచ్చి, కాలిఫోర్నియాలో చాలానెలలు గడిపారు. అప్పటికే ఒళ్ళు పాడైంది. 1900 ఏప్రిల్‌లో అలమేడానుండి మిస్ మక్లౌడుకు వ్రాసిన ఉత్తరంలో నాయకుడు, బోధకుడు అన్నీ వెళ్ళిపోయాయని, దక్షిణేశ్వరంలో మర్రిచెట్టుక్రింద గురువు మాటలు నోరు తెరుచుకుని విన్న కుర్రవాడే మిగిలాడని ఆయన చెప్పుకున్నారు. ప్రపంచమంతా గురువన్న మనిషి, ముప్పైయేడేళ్ళ వయసులో, తనను శిష్యుడుగానే గుర్తు పెట్టుకున్నాడు.

1902 జూలై 4న, అంటే ఈ దేశపు స్వాతంత్ర్యదినాన, బేలూరులో ఉదయం మూడు గంటలు ధ్యానంలో కూర్చున్నారు. మధ్యాహ్నం కుర్ర బ్రహ్మచారులకు సంస్కృత వ్యాకరణం మూడు గంటలు పాఠం చెప్పారు. వ్యాకరణమే సుమా, బ్రహ్మవిద్య కాదు. సాయంత్రం వాహ్యాళికి వెళ్ళివచ్చారు. రాత్రి తొమ్మిది దాటాక తన గదిలో దేహం విడిచారు. వయసు ముప్పైతొమ్మిది.

డెట్రాయిటు పంతులమ్మ ఆ సంవత్సరమే ఇండియా చేరింది. ఆ రోజున ఆమె హిమాలయాలలో మాయావతి ఆశ్రమంలో ఉన్నది. గురువు పోయాడని తిరిగిరాలేదు. కలకత్తా బాగ్‌బజారు సందులో నివేదిత నడుపుతున్న ఆడపిల్లల బడిలో చేరి, 1903లో పెళ్ళయిన స్త్రీలకోసం ఒక తరగతి మొదలుపెట్టింది. ఇంటి గడప దాటని ఇల్లాండ్రు మూసిన బండ్లలో వచ్చి ఆమెదగ్గర అక్షరాలు, కుట్టుపని నేర్చుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఈ దేశం వచ్చి, పదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి, చివరకు 1930లో న్యూయార్కులో కన్నుమూసింది. నది ఒడ్డున కొండమీది ఆ ఇంటిని 1947లో న్యూయార్కు రామకృష్ణ–వివేకానంద కేంద్రంవారు కొని బాగుచేయించారు. క్రిస్టీన్ తన గురువును గురించి వ్రాయడం మొదలుపెట్టిన జ్ఞాపకాలు సగంలోనే ఆగిపోయాయి. ఆ సగంలో వాన కురిసిన రాత్రి, లాంతరు, కొండదారి, తలుపు తెరిచిన మనిషి ముఖం అన్నీ ఉన్నాయి.